పొద్దుకూర

ఆ ఏడు వానలు మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి చెప్పుకోదగ్గవేమీ కావు. పూర్ణా మార్కెట్లో మా అమ్మ కూర్చుని అమ్మిన గట్టు, ఒక ట్రాలీ ఆటో, అడివివరం దగ్గర కొండవాలున కౌలుకు తీసుకున్న తోటకూర మడులు, వాటిని కనిపెట్టుకుని ఉండే బావమరిది గురువులు. వీటన్నిటికంటే విలువైనది ఒక మాట. "సింహాద్రి కూర నల్లగా ఉంటాది" అనేవారు మార్కెట్టుకొచ్చే ఆడవాళ్ళు. ఆకుకూరల బేరంలో నలుపంటే నాణ్యం. ఆకు ముదురుపచ్చగా నిగనిగలాడాలి, కట్ట మీద మంచు తడి ఆరకుండా ఉండాలి. ఈ రెండూ ఉంటే ఎవరూ గీచిగీచి బేరమాడరు.

అందుకే మా కోతంతా చీకట్లోనే. నేను ఆటో వేసుకుని వెళ్ళేసరికి గురువులూ, కూలీ ఆడవాళ్ళూ తలకు టార్చిలైట్లు కట్టుకుని కోస్తూ ఉండేవారు. అరటినారతో కట్టలు కట్టి, బుట్టల్లో పేర్చి, తెల్లవారేలోగా మార్కెట్లో దింపేవాళ్ళం. అన్నేళ్ళలో ఆ మడులను నేను టార్చి వెలుగులో తప్ప చూడలేదు. నాకు కావలసింది సరుకు. చేను ఎలా ఉంటుందో గురువులుకు తెలిస్తే చాలు.

ఆ ఏడు అల్పపీడనం వెనక అల్పపీడనం. సింహాచలం కొండ మబ్బులోకి పోయి మళ్ళీ బయటికి రాలేదు. పెద్ద వాన కాదు, తుంపర. ఎండ మాత్రం లేదు. శ్రావణమాసం దగ్గరకొస్తోంది. చేపలు తినే ఇళ్ళు కూడా శుక్రవారాలు ఆకుకూర మీదే నడుస్తాయి. సరిగ్గా అప్పుడు మడులు ఎదగడం మానేశాయి.

"ఎండ మొకం సూసి ఎన్నాళ్ళయినాదో బావా," అన్నాడు గురువులు. "ఆకు అలాగే బిక్కమొకం ఏసుకుని ఉండిపోనాది."

"ఎండని నాను తేగలనేటి? యూరియా తెత్తాను, సల్లు."

తెచ్చాను. చల్లాడు. వారం ఆగి మళ్ళీ తెచ్చాను. మళ్ళీ చల్లాడు. అప్పుడు లేచింది తోటకూర. నా జన్మలో అంత నల్లటి ఆకు చూడలేదు. మార్కెట్లో బుట్ట దించీదించగానే చేతులు పడేవి. పక్క గట్టు మీద చిట్టమ్మ మాత్రం మూతి తిప్పింది.

"నీ కూర మద్దేన్నానికే వాలిపోతంది సింహాద్రీ. సూపుకే నలుపు. లోపలేటీ లేదు."

"నీ గట్టు సూసుకోయే," అన్నాను. ఏడుపనుకున్నాను.

అయినా గురువులు మొహంలో వెలుగు లేదు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనికి ఒక మేస్త్రీ పిలిచాడతన్ని. ఈ శ్రావణం చూసి చెబుతానని గురువులు అన్నాడట. ఆ సంగతి నాకు చెప్పింది మా ఆవిడ మహేశ్వరి. తమ్ముడు నాతో చెప్పలేడు, అక్కతో చెప్పాడు. గురువులు వెళ్ళిపోతే మడులు వెళ్ళిపోయినట్టే. మట్టి చూసుకునే చెయ్యి ఇంకొకటి దొరకదు నాకు. శ్రావణం బాగా జరిగితే ఉంటాడు, లేకపోతే లేడు. ఆ సీజనులో నేను పణంగా పెట్టింది అదే.

ఒకనాడు మధ్యాహ్నం మహేశ్వరి మార్కెట్టుకు ఫోన్ చేసింది. "అమ్మ ఆవు పడిపోనాది. నువ్వు తొరగా ఎల్లు."

వెళ్ళాను. గురువులు ఇంటి వెనక పాకలో ఆవు పక్కకి ఒరిగి ఉంది. నుదుటి మీద తెల్లచుక్క ఉందని దాన్ని సుక్కి అంటారు. మా అత్త తవిటమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవు డొక్కలు తిత్తుల్లా కొట్టుకుంటున్నాయి. పెదవి తీసి చూస్తే చిగుళ్ళు నేరేడుపండు నమిలినట్టున్నాయి. పశువుల డాక్టరు అప్పుడే వచ్చాడు. సిరంజిలోకి కాస్త రక్తం లాగి వెలుగులో పెట్టి చూశాడు. ఎర్రగా లేదది. చాక్లెట్ కరిగించి పోసినట్టుంది.

"ఏం పెట్టారమ్మా దీనికి?"

"రోజూ ఎట్టేదే బాబూ. తోటకూర కాడలు. మా అల్లుడు మార్కెట్టుకి అట్టుకెల్లగా మిగిలినయ్యి."

"ఎన్ని?"

"గంపెడు. గడ్డి తడిసి ముద్దయిపోనాది. మరేటెట్టమంటావు?"

డాక్టరు నీలంరంగు మందు సన్నగా నరంలోకి ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు. "యూరియా వేశారా?"

గురువులు నా వైపు చూశాడు. నేను ఆవు వైపు చూశాను.

"ఏశామండి," అన్నాను.

"ఈ మబ్బుల్లోనా!" అన్నాడాయన. "యూరియా మట్టిలో నైట్రేటు అయి వేరులోంచి ఎక్కుతుంది. ఆకు దాన్ని వాడుకుంటే బాగే. వాడుకోలేకపోతే అది అలాగే కాడల్లో పేరుకుపోతుంది. పశువు అది తింటే రక్తం గాలిని మొయ్యలేదు. సాయంత్రానికి లేస్తుంది. లేవకపోతే ఫోన్ చెయ్యండి."

సుక్కి సాయంత్రానికి లేచింది. తూలుతూ నిలబడి నీళ్ళ తొట్టెలో మూతి పెట్టింది. అప్పుడు ఏడ్చింది మా అత్త.

పాక గుమ్మంలో గురువులూ నేనూ మిగిలాం. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆ రోజు ఊరంతా కొనే కూర మా మడుల్లో కోతకొచ్చి నిలబడి ఉంది.

"రేపు వానకి మనుసులు రారు," అన్నాడు గురువులు. "శుక్రారం కోతకి సెప్పేను. ఏటి సెయ్యమంటావు?"

"మనుసులు గంపెడు కాడలు తినరుగదా," అన్నాను. బేరగాడి లెక్క అది. తప్పు లెక్క కూడా కాదు.

"పెద్దవాళ్ళకి పెద్దగా ఏం కాదు మావయ్యా," అంది ధనశ్రీ. గురువులు కూతురు. యూనివర్సిటీలో బోటనీ ఎమ్మెస్సీ చదువుతోంది. అప్పుడే బస్సు దిగి వచ్చి సంచీ ఇంకా భుజాన ఉంచుకునే నిలబడింది. "పసిపిల్లల సంగతే చెప్పలేం. వాళ్ళ రక్తం దీన్ని తట్టుకోలేదు."

నాకు ప్రేమలీల టీచరు గుర్తొచ్చింది. బడి నుంచి రిటైరైన మనిషి. చర్చికి వెళ్ళే రోజు తప్ప రోజు విడిచి రోజు వస్తుంది. 'లేతది చూసివ్వు సింహాద్రీ, మనవడికి ఇప్పుడిప్పుడే మెత్తగా ఉడికించి పెడుతున్నాం' అంటుంది. లేతదని నేను పైకట్ట తీసి ఇచ్చేవాణ్ణి.

పైకి మాత్రం ధనశ్రీని వేరే సంగతి అడిగాను.

"నాకొకటి అర్థం కాలేదే. తిండి పెట్టేం. ఆకు తినాలిగదా? ఎందుకు తిన్లేదు?"

"మా ప్రాజెక్టు సరిగ్గా అదే మావయ్యా. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోశారు. కింద కట్టె లేదు. అన్నం అవుతుందా? ఆకుకి కట్టె అంటే పంచదార. ఎండ ఉంటే అది తన పంచదార తాను చేసుకుంటుంది. ఆ పంచదారతోనే మీ యూరియాని ఉడికించి ఒంటికి పట్టించుకుంటుంది. మబ్బులో పంచదార లేదు. మీరేమో బియ్యం పోస్తూనే ఉన్నారు."

"మరి అంత నల్లగా ఎలాగున్నాది?"

"గిన్నె నిండుగా కనిపిస్తోంది. ఉడకలేదు."

గురువులు గోడకి చేరబడి వింటున్నాడు. "అయితే కట్టె ఒక్కటే తక్కువన్నమాట."

"కట్టె ఒక్కటే కాదు నాన్నా. పంచదార కబురు కూడా. నైట్రేటుని ఉడికించే వంటమనిషి ఆకులో ఒకడుంటాడు. పంచదార వచ్చిందని కబురు తెలిస్తేనే ఆకు వాణ్ణి లేపుతుంది. లేకపోతే అనవసరంగా వాడికి కూలెందుకని పడుకోబెడుతుంది."

ఆ మాట నచ్చింది నాకు. మార్కెట్లో నేను చేసేదీ అంతే. సరుకు రాని రోజు కూలీలను పిలవను. కానీ మాట నచ్చితే సరుకు కొనే అలవాటు నాకు లేదు.

"సూపించు," అన్నాను.

ధనశ్రీ సంచీలోంచి డబ్బా తీసింది. లోపల తెల్లటి కాగితపు పట్టీలు. మడిలో ఒక కాడ తుంచి, నలిపి, రసం చుక్క పట్టీ మీద వేసింది. చూస్తుండగానే పట్టీ బీట్‌రూట్ కోసిన కత్తిలా అయింది. రంగు ముదిరిన కొద్దీ నైట్రేటు ఎక్కువట. తర్వాత ఒకే మొక్కవి కొన్ని కొమ్మలు కోసి, రెండు స్టీలు గ్లాసుల్లో నిలబెట్టింది. ఒకదాంట్లో ఉత్త నీళ్ళు. రెండోదాంట్లో పంచదార నీళ్ళు.

మా అత్త లోపల్నించి కేకేసింది. "టీలోకి పంచదార లేదంతన్నాను, ఆకులకి పోత్తన్నావేటే గుంటా?"

"నీ ఆవు కోసమే నానమ్మా."

"నా ఆవు టీ తాగదు!"

రెండు గ్లాసుల మీదా గంప బోర్లించి, గంప మీద గోనెపట్టా కప్పింది ధనశ్రీ. గీత వెలుగు కూడా లోపలికి పోకుండా చుట్టూ చెక్కింది. "రెండూ చీకట్లోనే ఉంటాయి. తేడా పంచదార ఒక్కటే. రేపు రండి."

మర్నాడు గంప తీసినప్పుడు అందరం చుట్టూ మూగాం. ఉత్త నీళ్ళ కొమ్మ రసం మళ్ళీ బీట్‌రూట్ రంగే. పంచదార నీళ్ళ కొమ్మ రసం వేస్తే పట్టీ లేత గులాబీ దగ్గర ఆగిపోయింది. ఇంకా ముదురుతుందేమోనని నేను కాసేపు చూశాను. ముదరలేదు.

"సూర్యుణ్ణి చూళ్ళేదు ఇది," అంది ధనశ్రీ. "ఎండ ఇచ్చేదేదో గ్లాసులోంచి అందింది. వంటమనిషి లేచాడు."

"అయితే అనకాపల్లి బెల్లం ఒక లారీ దింపీ బావా," అన్నాడు గురువులు. "మడులన్నిటికీ పానకం ఎట్టీద్దాం." చాన్నాళ్ళకు విన్నాను అతని వేళాకోళం.

"చీమలు తింటాయి నాన్నా. మడిలో ఉన్న ఆకు తన పంచదార తానే చేసుకోవాలి. దానికి ఎండే కావాలి." నా వైపు తిరిగింది. "ఇంకోటి మావయ్యా. ఎండ కాసినా సరే, మీ కోత వేళ మంచిది కాదు. పగలు చేసుకున్న పంచదారని ఆకు రాత్రంతా ఖర్చుపెట్టుకుంటుంది. తెల్లారేసరికి డబ్బా ఖాళీ. మీరు సరిగ్గా అప్పుడొచ్చి కోస్తారు. సాయంత్రం కోస్తే డబ్బా నిండా ఉంటుంది. నైట్రేటు తక్కువ, ఆకూ నిలవుంటుంది."

నేను మడి గట్టు మీద కూర్చున్నాను. మంచు తడి అని, తాజా అని, అన్నేళ్ళుగా నేను ఖాళీ డబ్బాలు ఎత్తుకెళ్ళి అమ్మానన్నమాట.

"శుక్రారం మనుసుల్ని రావొద్దని సెప్పీ," అన్నాను గురువులుతో.

అతను నమ్మనట్టు చూశాడు. "వరలక్ష్మి పోతాదిగదా బావా?"

"పోనీ."

"మరి శనారం నాను మేస్త్రీకి మాట సెప్పాల."

మొదటిసారి నా ఎదుట ఆ సంగతి ఎత్తాడు.

"సెప్పు," అన్నాను.

"ఏటని సెప్పాల?"

"ఎండొచ్చేక సెప్తానని సెప్పు."

పండగనాడు ఉత్త కరివేపాకు, కొత్తిమీర వేసుకుని గట్టు మీద కూర్చున్నాను. మార్కెట్టు కిక్కిరిసి ఉంది. చిట్టమ్మ చేతులకు ఊపిరాడడం లేదు.

"ఏటి సింహాద్రీ, తోటకూరకి పండగ సెలవిచ్చేవా?"

"ఒంట్లో బాగోలేదంట."

"ఎవులికి?"

"తోటకూరకే."

అదొక జోకనుకుని బజారంతా నవ్వింది. ప్రేమలీల టీచరు వచ్చింది, నా బుట్టలు చూసింది, "ఇవాళే లేకపోతే ఎలా?" అంది, చిట్టమ్మ గట్టు వైపు తిరిగింది. ఆవిడ సంచీ అటు ఊగుతూ వెళ్ళడం నేను చూస్తూ కూర్చున్నాను. పోయిన బేరాన్ని అంత తీరిగ్గా చూసింది అదే మొదలు.

మబ్బు విడిచింది ఆదివారంనాడు. మధ్యాహ్నం ఆటో తీసి అడివివరం పోయాను. కొండ కడిగిపెట్టినట్టు నిలబడి ఉంది. మడుల మీద ఎండ పరిచి ఉంది. ఆకులన్నీ ఒకే వైపుకి మొహం పెట్టుకుని, గొప్ప విందులో వరసగా కూర్చున్న జనంలా ఉన్నాయి. వాటి నీడలు కూడా పచ్చగానే ఉన్నాయి. నేను చెప్పులు వదిలి గట్టు వెంట నడిచాను.

"ఏటి సూత్తన్నావు బావా?"

"ఇది మన సేనేనేటి?"

గురువులు నవ్వాడు. "కోసింది సూసేవు గానీ ఇది తిన్నప్పుడు ఎప్పుడు సూసేవు? నువ్వొచ్చేసరికి ఎంగిలాకులే."

ఆ వారమంతా యూరియా ముట్టుకోలేదు. ప్రతి సాయంత్రమూ ధనశ్రీ ఒక పట్టీ తడిపేది. బీట్‌రూట్ కాస్తా గులాబీ అయింది, గులాబీ మరింత వెలిసింది. ఆకు కూడా మారింది. ఆ మాయదారి నలుపు పోయి మామూలు పచ్చదనం వచ్చింది. వేలితో నొక్కితే మందంగా తగిలింది. గురువులు మేస్త్రీకి ఫోన్ చేసినట్టు కనబడలేదు. 

అప్పుడు కోశాం. పొద్దు వాలుతుండగా, టార్చిలైట్లు లేకుండా, ఒకరి మొహం ఒకరికి కనబడుతూ. రాత్రికి తడిగుడ్డ కప్పి నీడన ఉంచి, తెల్లవారి మార్కెట్లో దింపాం. గురువులు కూడా వెంట వచ్చాడు.

నలుపు లేదు, మంచు తడి లేదు. నాకు పేరు తెచ్చిన రెండు గుర్తులూ లేని సరుకు. చిట్టమ్మ వచ్చి ఒక కట్ట పైకెత్తి చూసింది.

"నిన్నటి కూరా?"

"పొద్దుకూర," అన్నాను. నోటికి ఎలా వచ్చిందో వచ్చింది. ఎండకి మా వైపు పొద్దు అనే అంటాం.

అంతలో ప్రేమలీల టీచరు గట్టు ముందు ఆగింది. "వచ్చిందా నీ తోటకూర? పొద్దుటిదేనా?"

నా చెవికి అదొక వరంలా వినబడింది. ఒక్క మాట, రెండర్థాలు. ఆవిడకు కావలసింది ఆవిడ వింటుంది, నేను అబద్ధమాడినవాణ్ణి కాను.

"పొద్దుకూరేనండి."

ఆవిడ ఒక కట్ట తీసుకుని సంచీ మూతి తెరిచింది. వెనకనుంచి గురువులు అందుకున్నాడు.

"పొద్దున కోసింది కాదండి టీచరమ్మా. నిన్న సందేల కోసేను."

అతన్ని అక్కడే పాతిపెట్టాలనిపించింది. ఆవిడ కట్ట కింద పెట్టింది.

"నిన్నటి కూరని పొద్దుటిదంటావా సింహాద్రీ?"

ఇక దాచుకోవడానికి మిగిలిందేమీ లేదు. "పొద్దంటే ఎండ తల్లీ. నిన్న పగలంతా ఎండ తాగిన కూర ఇది. అందుకే సందేల కోసేం. పండగనాడు తేనిది కూడా అందుకే. మబ్బుల్లో యూరియా ఏస్తే ఆకు అరిగించుకోలేకపోనాది. కాడలు తిని మా ఆవు పడిపోనాది."

ఆవిడ కింద పెట్టిన కట్ట వైపు చూసింది. 

"మరి అంతకుముందు నువ్వు నాకిచ్చింది?"

"అప్పుడు నాకు తెలీదండి. దీని సంగతి తెలుసు."

చిట్టమ్మ చెయ్యి కూడా తక్కెడ మీద ఆగింది. ప్రేమలీల టీచరు నా మొహం చూసింది, గురువులు మొహం చూసింది. ఒక్క కట్ట తీసి సంచీలో వేసుకుంది.

"మనవడికి కాదు. ముందు మేం తింటాం."

తర్వాత వచ్చినప్పుడు కూర గురించి ఆవిడ ఏమీ అనలేదు. మూడు రోజులు వాడలేదని, పువ్వులా ఉందని ఇంకెవరో చెబితే విన్నాను. ఆ తర్వాతసారి మాత్రం కట్టలు అటూ ఇటూ తిప్పి, "లేతది చూసివ్వు," అంది. పైకట్ట తీయబోయి ఆగి, బుట్టంతా వెతికి మరీ ఇచ్చాను.

శ్రావణం వెళ్ళేసరికి పొద్దుకూర అన్న మాట మార్కెట్టంతా పాకింది. చిట్టమ్మ కూడా అరవడం మొదలెట్టింది, తెల్లవారి కోసిన కట్టల మీద నీళ్ళు చల్లుకుంటూ. "అది పొద్దుకూర కాదే," అంటే, "పొద్దున కోసిన కూర పొద్దుకూర కాకపోతే సందకూరేటి?" అంది. 

ఇప్పుడు లెక్క చూసుకుంటే, వరలక్ష్మి శుక్రవారం పోయింది. నలుపన్న పేరు పోయింది. కొత్తగా పుట్టిన మాట కూడా పక్కగట్టు పాలైంది. వచ్చిందేమిటని మహేశ్వరి ఒకసారి అడిగింది. అడివివరంలో, కోత అయ్యాక, వాళ్ళమ్మ పెట్టిన అన్నం ముందు కూర్చుని అడిగింది. పెళ్ళయిన నాటి నుంచి చీకటితోనే లేచి పరుగెత్తిన నేను ఇప్పుడు సాయంత్రాలు ఇలా అందరితో కూర్చుంటున్నాను. పాకలో సుక్కి నెమరేస్తోంది. గురువులు కాళ్ళు కడుక్కుని వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. మేస్త్రీ మళ్ళీ ఫోన్ చేశాడని, తనకి ఇక్కడే ఎండ బాగుందని చెప్పానని, తోటకూర పులుసు కలుపుకుంటూ మామూలుగా అన్నాడు.

నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"అత్తా, పులుసులో బెల్లం ఎక్కువయినాది."

"బెల్లం డబ్బా ఖాళీ అయి ఎన్నాళ్ళయినాదో," అంది తవిటమ్మ. "తెమ్మంతే మీ బావమరిది తెత్తేగదా. నానేటీ ఎయ్యలేదు."

ధనశ్రీ తల వంచుకుని నవ్వుతోంది. నేను ఇంకో ముద్ద కలిపాను. మహేశ్వరి అడిగినదానికి జవాబు నా నోట్లోనే ఉంది.